నాలుగో పిట్ట

ఊరందరి గుమ్మాలకూ పేరు బోర్డులు చేసిపెట్టే కోడలికి, బోసిగా ఉన్న సొంత గుమ్మం మాట ఇన్నాళ్లకు గుర్తొచ్చింది. ఒళ్లు హూనమైపోయి ఉన్నా, చీకటిపడ్డాక స్టిక్కర్లు కోసే మెషీన్ ముందు కూర్చుంది. బొమ్మలో ఒక కొమ్మ, దాని మీద నాలుగు పిట్టలు: అత్త, తను, కూతురు, లారీ మీద వెళ్లిన భర్త.

మెషీన్ గరగరమంటూ కోసింది. అక్కర్లేని ముక్కలు సూదితో పీకుతుంటే మూడు పిట్టలే తేలాయి. భర్త పిట్ట ఉండాల్సిన చోట షీటు నున్నగా ఉంది, గాటైనా పడలేదు. బ్లేడు మార్చి మళ్లీ కోసింది. మళ్లీ మూడే.

"ఇంకా పడుకోలేదా? వాడొచ్చాడా?" లోపలి గదిలోంచి అడిగింది అత్త.

"రాలేదత్తమ్మా. మీ అబ్బాయి పిట్ట కూడా ఆయనలాగే చెప్పిన మాట వినట్లేదు."

"వాడి పిట్టేగా, తెల్లారితే గానీ రాదులే."

నవ్వే ఓపిక కూడా లేదు కోడలికి. కొమ్మనూ మూడు పిట్టలనూ బోర్డుకు అంటించింది. ఆ ఒక్క పిట్టనూ కత్తెరతో కత్తిరించి, కొమ్మ చివర అంటించి, బొటనవేలితో గట్టిగా రుద్దింది. వేలు తియ్యగానే అంచు లేచింది. మళ్లీ రుద్దింది. మళ్లీ లేచింది. పక్కనున్న మూడూ మాత్రం బోర్డును కరుచుకుని ఉన్నాయి.

అప్పుడే వీధి తలుపును ఎవరో నెమ్మదిగా తట్టారు.

"తియ్యవే, వాడే" అంది అత్త.

"ఆయన దగ్గర తాళంచెవి ఉందిగా అత్తమ్మా."

తలుపు మళ్లీ చప్పుడైంది, అంతే నెమ్మదిగా.

కోడలు పిట్ట మీద నుంచి బొటనవేలు తియ్యలేదు.