డ్యాన్సు మాస్టారి ఆవిడ

పాట అయిపోయింది. బ్యాండువాళ్ళు మంచినీళ్ళు కూడా తాగేశారు. ఆ పొడుగావిడ చెయ్యి మాత్రం ఇంకా డ్యాన్సు మాస్టారి భుజం మీదే ఉంది.

ఇవతల వాలుకుర్చీలోంచి చూస్తున్న ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు ఓడ ఏ రేవులోనూ ఆగదు. ఎటు చూసినా నీళ్ళే. డెక్ మీద జనం కాళ్ళు బారజాపుకుని, ఐస్‌క్రీములు తింటూ, సగం చదివిన పుస్తకాలు పొట్ట మీద బోర్లించుకుని కునుకు తీస్తూ హాయిగా ఉన్నారు. ఆమె కూడా హాయిగా ఉండాలనే చూస్తోంది. బ్యాండు వాయించిన పాటనే కూనిరాగం తీసింది. పక్క కుర్చీలోని రిటైరైన టీచరమ్మ తన చెవి మిషను తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకుంది. దాంతో ఆమె కూనిరాగం ఆపేసింది.

“మాస్టారిని అలా కళ్ళప్పగించి చూడకమ్మా,” అంది టీచరమ్మ. “అతను ఏ ఒక్కరి సొత్తూ కాదు.”

టీచరమ్మకి ఈ ఓడ కొత్త కాదు, అన్నీ తెలుసు. తోడు లేకుండా వచ్చిన ఆడవాళ్ళతో డ్యాన్సు చెయ్యడానికి ఓడవాళ్ళు జీతమిచ్చి పెట్టుకున్న మనిషి అతను. అందరితో సమానంగా ఆడాలి. ఎవరి కేబిన్ గడపా తొక్కకూడదు. ఎవరో ఒకరి మీద ప్రత్యేకంగా అభిమానం చూపిస్తున్నాడని తెలిస్తే, వచ్చే రేవులో పెట్టేబేడాతో సహా దింపేస్తారు. అసలు పెళ్ళాం ఉన్నవాళ్ళని ఈ ఉద్యోగంలోకి తీసుకోనే తీసుకోరట. ఇంటి దగ్గర పెళ్ళాం ఎదురు చూస్తోందంటే ఎవరికి ఆడబుద్ధేస్తుంది మరి!

పాపం అతని భార్య పోయిందని చెప్పి టీచరమ్మ నిట్టూర్చింది. ఆమె విననట్టు సముద్రం వైపు తిరిగింది.

తిరిగిందే గానీ, చూపు అక్కడ నిలిస్తేనా! ఆమెది కుట్టుపని. ఎవరిని చూసినా మనిషి కన్నా ముందు బట్ట కనిపిస్తుంది. మాస్టారి కోటుకి ఒక గుండీ కొత్తగా కుట్టి ఉంది. దారం రంగు కలవలేదు, కుట్టు కూడా వంకర. అది ఎవరి పనా అని పొద్దున్నుంచి మనసు పీకుతోంది. ఉండబట్టలేక అడిగేసింది. పొడుగావిడే కుట్టిందని, కోటు అతని ఒంటి మీద ఉండగానే కుట్టి, దారం పళ్ళతో కొరికిందని టీచరమ్మ చెప్పింది. ఆ ఆఖరి ముక్క చెప్పకపోయినా బాగుండేది.

నిన్న ఆమె ఓడ ఎక్కి ఎదురుపడగానే మాస్టారి చేతిలో టీ కప్పు తొణికింది. అంతే, అప్పట్నుంచి ఇటు చూడడమే మానేశాడు. చేతికర్ర పట్టుకున్న ముసలమ్మలతో సైతం ఆడుతున్నాడు. ఆమె కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతనికి ఏదో పని గుర్తొస్తుంది. రేపు రేవు రాగానే ఆమె దిగిపోవాలి. ఆమె టికెట్టు అంతవరకే. ఈలోగా ఒక్కసారి, ఒకే ఒక్క పాటకి, అతను తనని పిలవాలి. ఇంకేమీ అక్కర్లేదు ఆమెకు.

సాయంత్రం టీ దగ్గర ఆడవాళ్ళంతా అతని చుట్టూ మూగారు. పొడుగావిడ తన పెద్ద ఇంటి సంగతి, అందులో తానొక్కతే ఉండే సంగతి చెప్పి, మీకు మాత్రం ఎన్నాళ్ళీ ఒంటరి బతుకని అడిగింది. అతను తలొంచుకుని భార్య కబుర్లు మొదలుపెట్టాడు. వెనక బల్ల దగ్గర కూర్చున్న ఆమె, వద్దు వద్దనుకుంటూనే చెవులు రిక్కించింది.

కాఫీ కలిపితే ముందు అతని కప్పు నింపి, అడుగున మిగిలింది తాను తాగేదట ఆవిడ. ఆ రోజుల్లో అతను గమనించనే లేదట. ఇప్పుడు పొద్దున్నే నిండు కప్పు చేతికొస్తే గుటక దిగడం లేదట. ఇక ఆవిడ పాట సంగతి చెప్పక్కర్లేదట.

“శ్రుతి ఒక దారి, తను ఒక దారి,” అని నవ్వాడు. “కానీ ఆ గొంతు వినపడకపోతే అది ఇల్లులా ఉండదండీ. ఆ చోట్లో ఇంకొకరిని ఊహించుకోలేను.”

పొడుగావిడ కళ్ళు ఒత్తుకుంది. టీచరమ్మ ముక్కు చీదింది.

ఆమెకు ఏడుపు రాలేదు. కడుపు రగిలిపోయింది. ఈసారి పొడుగావిడ మీద కాదు, ఆ పోయినావిడ మీద. ఎంత పెట్టి పుట్టిందో మహాతల్లి! తన ఇంట్లో తాను పాట ఎత్తుకుంటే టీవీ సౌండు పెరిగేది. కాఫీ తెచ్చిస్తే పేపరు వెనక నుంచి చెయ్యి ఒక్కటే వచ్చేది.

బ్యాండు ఆఖరి పాట అందుకుంది. మాస్టారు పొడుగావిడ వైపు కదలబోయాడు. టీచరమ్మ కాలు అడ్డం చాపింది.

“మాస్టారూ, అందరితో సమానంగా ఆడాలి కదా. ఈ అమ్మాయిని ఇంతవరకూ పిలవనే లేదు మీరు.”

అతనికి తప్పలేదు. మర్యాదగా వంగి చెయ్యి చాపాడు. అరచేతికి చెమట పట్టి ఉంది. జానెడు ఎడం ఉంచి, ఆమె తల మీదుగా ఎటో చూస్తూ ఆడాడు. ఆమె ఆ వంకర గుండీనే చూస్తూ ఆడింది.

“ప్రయాణం బాగుందా మేడమ్?” అన్నాడు, నలుగురికీ వినపడేలా.

ఆమె ఆ జానెడూ దాటి, అతని చెవి దగ్గర పళ్ళ బిగువున అంది:

“ఉద్యోగం కోసం నన్ను చంపితే చంపారు గానీ, ఆ మాటల్లో ఒక్కటైనా ఇంట్లో ఉన్నప్పుడు నాతో అనొచ్చు కదండీ.”