ఓదెలు ఇంటి సందు

చెవిలో పెట్టుకునే దారిబిళ్ల వచ్చాక, వరంగల్ కోటలో అందరూ అది చెప్పిన దారినే నడుస్తున్నారు. నెలరోజులు ఎవరూ తొక్కని సందును అది మరిచిపోతుంది. ఆపైన అంబులెన్సు కూడా అటు రాదు.

భార్య పోయి రెండు నెలలైనా చిత్రకారుడు ఓదెలు గడప దాటలేదు. ఆ సందులో ఉన్నది అతని ఇల్లొక్కటే. గుడ్డమీద కోట పటం వేస్తూ, తన సందు ఇంకా ఉన్నట్టో లేనట్టో తెలియక కుంచె ఆపాడు.

కిటికీ ముందునుంచి వెనకవీధి సమ్మక్క పోతోంది.

"బజారుకు గిటు చుట్టు గద, వదినా."

"బిళ్ల గూడ గదే మొత్తుకుంటది. మొత్తుకోనీ. రెండు నెలల సంది దినాం వస్తున్న, నువ్వు తలెత్తితె గద."

ఓదెలు పటంలో సందు గీసి, అందులో సంచి పట్టుకున్న ఆడమనిషిని వేశాడు. ఆ రంగు ఆరేలోగా చెప్పులు వెతుక్కుని, ఆమె వెనకాలే సందు చివరిదాకా నడిచాడు.