అంతర్యామి చెవి

తెర వెనక అద్దం ముందు నిలబడి, చెవిలో పెసరగింజంత యంత్రాన్ని దూర్చుకుని, అంతర్యామి కళ్లజోడు కోసం బల్లంతా తడుముతున్నాడు.

"నెత్తిమీద ఉంది," అంది భార్య.

చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికే ఈ పెద్దమనిషే ఇంకాసేపట్లో హాలు నిండా జనం మనసుల్లో ఏముందో చెప్పబోతున్నాడు. అంతర్యామి అన్నది గోడపత్రికల మీద పేరు. ఇంట్లో ఆ పేరు పలికితే గోడలు కూడా నవ్వుతాయి.

పనంతా ఆవిడదే. ఆటకి ముందు టికెట్ల వరసలో, కాఫీ బల్ల దగ్గర జనంలో కలిసిపోయి తిరుగుతుంది. ఎవరి చెప్పులు కొత్తవి, ఎవరు పక్కవాళ్లతో ఏ దిగులు చెప్పుకున్నారు, అన్నీ బుర్రలో పెట్టుకుంటుంది. ఆట మొదలయ్యాక వెనక గదిలో కూర్చుని ఒక్కొక్కటే ఆయన చెవిలో వేస్తుంది. ఆయన కణతలు నొక్కుకుని, కళ్లు మూసుకుని, అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతాడు. కణతలు నొక్కుకోవడం మాత్రం సొంతమే.

"మాట మొదలెట్టేముందు ఆ పొడిదగ్గు మానవే. చెవిలో గీరినట్టుంటుంది," అన్నాడు విసుగ్గా.

"నోరు విప్పాలంటే భయమండీ. అలవాటైపోయింది."

"నీకెందుకు భయం? నిన్ను చూడ్డానికి ఎవరొచ్చారు గనక? పైగా ఇవాళ ఒంటిమీద ఇస్త్రీ బట్టలొకటి."

ఆవిడ కొంగు సర్దుకుంది. ఆయన చూడలేదు. ధ్యాసంతా హాలు యజమాని మీదే ఉంది. ఇక ముందు ఏడాదంతా శనివారం ఆట ఎవరిదో ఆయన ఇవాళే తేలుస్తానన్నాడు. ఇప్పటిదాకా అది పావురాల గారడీవాడిది. అది దక్కకపోతే అంతర్యామి మళ్లీ పెళ్లి విందుల్లో, తింటున్నవాళ్ల ముందు నిలబడి కణతలు నొక్కుకోవాలి. అందుకే యజమానితో మాట కలిపి మనసు కనుక్కోమని వారం నుంచీ భార్యని ముందుగా హాలుకి పంపుతున్నాడు.

నిన్న యజమాని, "మీకు సహాయకులెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. "ఎవరూ లేరు. ఉన్నదల్లా ఈ బుర్రే," అని అంతర్యామి గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. పక్కనే ఆయన పెట్టె మోస్తున్న భార్య నేల చూసింది.

ఆట బ్రహ్మాండంగా సాగింది. ఒకావిడ తప్పిపోయిన పిల్లి పేరు విని కళ్లు తుడుచుకుంది. చివరికి అంతర్యామి ముందు వరసలోని యజమానిని లేచి నిలబడమన్నాడు.

చెవిలో పొడిదగ్గు. ఆ వెనకే మాట.

"మీరు ఇద్దరి మధ్య ఊగిసలాడుతున్నారు," అప్పజెప్పాడు అంతర్యామి. "ఒకరు పాత, ఒకరు కొత్త."

యజమాని తెల్లబోయాడు. మళ్లీ దగ్గు.

"పాతవారిది చప్పుడెక్కువ, సరుకు తక్కువ." ఈ ముక్క అంటున్నప్పుడు ఆయన ఓ మూల కూర్చున్న పావురాలవాడి వంక చూడకుండా ఉండలేకపోయాడు.

మళ్లీ దగ్గు. ఈసారి మాట రావడానికి కాస్త ఆలస్యమైంది.

"కొత్తవారి పనితనాన్ని ఇన్నాళ్లూ పక్కనున్నవాళ్లే గుర్తించలేదు. ఇంక జంకకండి. ఇప్పుడే, అందరి ముందూ ప్రకటించండి." ఎంత బాగా చెప్పింది అనుకున్నాడు. ఊరుకోలేక సొంతంగా ఒక ముక్క తగిలించాడు: "ఇది నా మాట కాదు, మీ మనసులో మాట."

"ఈ సంగతి నాకూ, ఇంకొకరికీ తప్ప ఎవరికీ తెలీదు," అన్నాడు యజమాని. "మీరు ఏమనుకుంటారోనని వెనకాడాను. మీ నోటే వచ్చాక ఇంక సంకోచం దేనికి?"

ఆయన వేదికెక్కి మైకు అందుకున్నాడు. శనివారం ఆట ఇకనుంచి మనసులు చదివే కొత్తవారిదని చెప్పి, వారిని రెండు మాటలు మాట్లాడమన్నాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పావురాలవాడి మొహం మాడిపోయింది.

అంతర్యామి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంక దీనితో పనేముందని చెవిలోని యంత్రాన్ని తీసి జేబులో పడేశాడు. కళ్లు మూసుకుని, నడుము వంచి జనానికి నమస్కరించాడు.

మైకు చేతులు మారిన చప్పుడైంది. ఆ వెనకే హాలు స్పీకర్లలోంచి పొడిదగ్గు వినిపించింది.