వెనక గది గొళ్ళెం

"నిద్ర బాగానే పడుతోంది డాక్టర్ గారూ, మీ హస్తవాసి మంచిది. కానీ మా ఇంట్లో ఏదో ఉంది," అంది ఆవిడ, కుర్చీలో కూర్చోకముందే.

డాక్టరు చేతిలో కాగితాలు పక్కన పెట్టాడు. నాలుగు రోజుల కిందట ఈవిణ్ణి ఇదే గదికి భర్త దాదాపు మోసుకొచ్చాడు. లారీ డ్రైవరు. కొండంత మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. తొమ్మిదేళ్ల కూతురు జ్వరంతో మూడు రోజుల్లో పోయిందట. నలభై రోజులుగా తల్లి కంటి మీద కునుకు లేదు. మాత్రలు పని చెయ్యలేదు. ముద్ద మింగడం కూడా మానేసింది.

"ఇలాగే ఉంటే ఈవిడ కూడా దక్కదు సార్. పాపను మర్చిపోయేలా చెయ్యండి. మీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు.

హిప్నటైజ్ చేసి జ్ఞాపకం చెరిపెయ్యడం డాక్టర్లు చెయ్యకూడని పని. ఆ సంగతి ఈయనకూ తెలుసు. కానీ జాలేసింది. జాలి ఒక్కటే అంటే అబద్ధం, తన వల్ల అవుతుందో లేదో చూసుకోవాలన్న దురద కూడా ఉంది. నిద్ర గురించి అడగాల్సినవన్నీ అడిగాడు. భర్తను బయట కూర్చోమని, ఆవిణ్ణి పడుకోబెట్టి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. పావుగంటలో ఆవిడ మగతలోకి జారుకుంది.

"మీ ఇంట్లో మీరూ మీ ఆయనా తప్ప ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు. మీకు పిల్లలు లేరు. ఏడవాల్సిందేమీ లేదు. హాయిగా నిద్రపోండి."

ఆరోజు ఆవిడ నవ్వు ముఖంతో లేచింది. డ్రైవరు దండం పెట్టి, భార్యను ఇంటి దగ్గర దింపి, ఆ సాయంత్రమే లోడు వేసుకుని వెళ్లిపోయాడు.

"ఏదో ఉందంటే?" అడిగాడు డాక్టరు.

"దెయ్యమంటే మీరు నవ్వుతారు. నేను టైలర్ని కదా, పొద్దస్తమానం మిషను దగ్గరే ఉంటా. కుట్టుకుంటుంటే ఎవరో మోచెయ్యి పట్టుకుని గుంజుతారు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. వంటింట్లో స్టూలు దానంతటదే అలమర దగ్గరికి జరిగి ఉంటుంది. బిస్కెట్ల డబ్బా ఖాళీ. తెల్లారి మెలకువ వచ్చేసరికి నా వీపుకి వెచ్చగా ఏదో ఆనుకుని ఉంటుంది. ఏదేదో అంటుంది, మాట తెలీదు. ఏడుపు మాత్రం తెలుస్తుంది."

డాక్టరుకు సంగతి అర్థమైందనిపించింది. జ్ఞాపకం చావలేదన్నమాట. ముందు తలుపు మూసేస్తే దొడ్డిదారిన వస్తోంది. కన్నతల్లి మనసు అంత తేలిగ్గా ఊరుకుంటుందా?

"మరి మీరేం చేశారు?"

"మూడు రోజులు ఓర్చుకున్నా. నిన్న పొద్దున అది వెనక గదిలో దూరినట్టు చప్పుడైంది. గబుక్కున తలుపేసి గొళ్ళెం పెట్టేశా. అమ్మబాబోయ్, ఎంత గోల చేసిందనుకున్నారు! మధ్యాహ్నం దాకా తలుపు బాదుతూనే ఉంది. చీకటి పడేసరికి నెమ్మదించింది. ఈ పొద్దున కాస్త గీరినట్టు వినపడింది, అంతే."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించింది.

"విచిత్రమేంటంటే, నాకు భయంతో పాటు జాలి కూడా వేస్తోంది డాక్టర్ గారూ. రెండుసార్లు గొళ్ళెం మీద చెయ్యి వేశా. తీసేస్తానేమో! తీస్తే మళ్లీ నా వెనకే తిరుగుతుంది. నాకు పిచ్చెక్కిపోతుంది."

ఆ గొళ్ళెం తీసిందంటే చచ్చిన కూతురు ఒక్కసారిగా గుర్తొస్తుంది, తిండీ నిద్రా మళ్లీ పోతాయి, ఈసారి మనిషి మిగలదు. డాక్టరు అలా లెక్క వేసుకున్నాడు. ఇంకేం ఆలోచించలేదు. ఆవిణ్ణి మళ్లీ పడుకోబెట్టాడు.

"ఆ గదిలో ఏమీ లేదు. చప్పుడైనా మీకు వినపడదు. ఆ గొళ్ళెం తియ్యాలని ఇక మీకు అనిపించదు."

లేచేసరికి ఆవిడ ముఖం తేటపడింది.

"అమ్మయ్య! కుట్టాల్సిన బట్టలు గుట్ట పడి ఉన్నాయి, వెళ్తానండీ," అంటూ చకచకా మెట్లు దిగి వెళ్లిపోయింది.

సాయంత్రం డ్రైవరు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"కొండల్లో ఇన్నాళ్లూ సిగ్నల్ లేదు సార్, ఇప్పుడే కిందికి దిగా. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ గొంతు ఎంత హుషారుగా ఉందో! మిషను కూడా తొక్కుతోంది. మీ మేలు ఈ జన్మలో మర్చిపోను."

డాక్టరుకు కడుపు నిండినట్టయింది. "ఇక బెంగ పడకండి. ఈసారి గట్టిగానే చేశాను," అన్నాడు.

"సంతోషం సార్. ఒక్క సంగతే నాకు అంతుపట్టలేదు," అన్నాడు డ్రైవరు. "మా చిన్నమ్మాయి నాలుగు రోజులుగా బడికి రావట్లేదని టీచరు ఫోన్ చేసింది, దానికి ఒంట్లో బాగాలేదా అని మా ఆవిణ్ణి అడిగితే, 'చిన్నమ్మాయేంటి, మనకు పిల్లలెక్కడున్నారు?' అంటోంది."