ఖుద్దూస్ ముట్టని కాఫీ

“నీ పాస్‌పోర్టు ఇప్పిచ్చకుండా ఈ గడప దాటితే నేను రాయచోటోన్నే కాదు!”

అబ్దుల్ ఖుద్దూస్ చెప్పులు విదిలించి కొట్టి సబా అల్ సలేం పేటలోని ఆ ఇంట్లోకి దూసుకొచ్చాడు. వంటింటి గుమ్మంలో నుంచి వెంకటేశ్వరి పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

“వద్దులేన్నా. బాబాను ఏమీ అడగొద్దు. నీకు దండం పెడతా.”

“నీ నోట్లో నాలిక లేదామే? రేపు ఖైతాన్ కాడి నుంచి మనోళ్ల బస్సు పోతాండాది. పాస్‌పోర్టు లేనోళ్లను సరిహద్దులో దించేస్తాండారు. నువ్వు ఈన్నే ఉండి ఇరాకోళ్లకు రొట్టెలు కాల్చి పెడతావా?”

“బాబా మంచోడున్నా.”

“మంచోడు! మంచోడైతే పనిమనిషి పాస్‌పోర్టు ఎందుకు బిగబట్టుకుంటాడు?”

ఖుద్దూస్ ఒళ్లంతా మండిపోతోంది. సద్దాం సైన్యం దిగిన నాటి నుంచీ ఆ మంట ఆరలేదు. ఈ ఇంటి డ్రైవరుగా తను నడిపే బాబా కారును సైనికులు లాక్కుపోయారు. మూతి మీద మీసం సరిగా మొలవని కుర్రాడొకడు చెక్‌పోస్టు దగ్గర చెంప పగలగొట్టి చేతి గడియారం ఊడబెరుక్కున్నాడు. అవన్నీ దిగమింగాడు. ఇది మాత్రం గొంతు దిగడం లేదు. ఎందుకంటే వెంకటేశ్వరికి వీసా ఇప్పించి తీసుకొచ్చింది తనే. “నా బిడ్డను నీ చేతిలో పెడతాండా సాయిబూ” అన్న ఆమె తల్లి గంగాదేవికి ఇప్పుడు ఏ మొహం చూపించాలి?

వెంకటేశ్వరిని పక్కకు నెట్టి ముందుగదిలోకి వెళ్లాడు. ఇంట్లో అందరూ బాబా అని పిలిచే ముసలి యజమాని తివాచీ మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఖుద్దూస్‌ను చూడగానే మొహం విప్పారింది. తన చేత్తోనే చిన్న గిన్నెలో కాఫీ వంచి అందించాడు.

ఖుద్దూస్ అందుకున్నాడు. తాగలేదు. తివాచీ మీద పెట్టేశాడు.

బాబా మొహంలో కళ తప్పింది. ఎడారి తెగల మనిషి ఇంట్లో అతిథి కాఫీ ముట్టకుండా కింద పెట్టాడంటే ఏదో కోరి వచ్చాడని అర్థం. అది తీరుస్తానని మాట ఇస్తేనే తాగుతాడు. తాగకుండా లేచిపోయాడా, ఇక ఆ ఇంటి పరువు గంగలో కలిసినట్టే.

“తాగు ఖుద్దూస్,” అన్నాడు బాబా.

“మీ తాత కథ మీరే నాకు చెప్పినారు కదా బాబా, కారులో ఎక్కినప్పుడల్లా!”

నిజమే, ఆ కథ ఖుద్దూస్‌కు కంఠతా వచ్చు. వెనకటికి ఇక్కడి పాలకుడికీ ఎడారి లోపలి తెగలకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. సంధి చేస్తానని ఇంగ్లీషు దొర ఒకడు ఓడ దిగి వచ్చాడు. కాఫీ ఇవ్వగానే గుటుక్కున తాగేసి, ఆ తర్వాత నోరు విప్పాడు. తాగినవాడి మాట ఎవరు వింటారు? రెండోసారి ఆ దొర, బాబా తాతను వెంటబెట్టుకొచ్చాడు. తాత గిన్నె కింద పెట్టి కూర్చున్నాడు. చెరలో ఉన్న తెగవాళ్లను పాలకుడు వదిలిపెట్టాడు. అప్పుడుగానీ తాత కాఫీ ముట్టలేదు.

“నీకేం కావాలో నాకు తెలుసు. ఇంకేదైనా అడుగు,” అన్నాడు బాబా. “ఈ ఇల్లు అడుగు, ఇస్తాను.”

“నీ ఇల్లు నాకెందుకు? ఆ పిల్ల పాస్‌పోర్టు ఇయ్యి.”

“ఇవ్వలేను.”

“పోగొట్టినావా?”

“లేదు.”

“అమ్ముకున్నావా?”

“లేదు.”

“మరేం రోగం? నాది అడక్కుండానే నా చేతిలో పెట్టినావే! మగోనికొక న్యాయం, ఆడదానికొక న్యాయమా?”

బాబా చూపు తిప్పుకున్నాడు. అది చూసి ఖుద్దూస్ ఇంకా రెచ్చిపోయాడు.

“నీ కొడుకు తుపాకీ పట్టుకొని దొరక్కుండా తిరుగుతాండాడు. పెండ్లాన్ని పట్టుకుంటే వాడే వస్తాడని సైనికులు నీ కోడలు హుస్నా కోసం ఇల్లంతా తిరగేసిపోయిరి. దొరికిందా? హైదరాబాదు నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న కోడలు కదా, యాడనో భద్రంగా దాచుకున్నావు. మా ఊరి పిల్ల మాత్రం ఈడ చావల్ల, నీకు వండి పెట్టుకుంటా!”

“అన్నా! ఆపు!” గుమ్మంలో నుంచి వెంకటేశ్వరి అరిచింది. బాబా ఆమె వైపు చూసి, వద్దన్నట్టు చేయి ఎత్తాడు.

కాఫీ చల్లారిపోయింది. ఖుద్దూస్ లేచి నిలబడ్డాడు.

“ఇంక మీ తాత పేరు నోటితో ఎత్తొద్దు బాబా. నీ గడపలో కాఫీ ఎట్ల చల్లారిందో బస్సులో అందరికీ చెప్తా. ఊరూరా చెప్తా.”

“చెప్పుకో,” అన్నాడు బాబా తల దించుకుని.

కొడతాడనుకున్నాడు, కనీసం తిడతాడనుకున్నాడు ఖుద్దూస్. అదీ లేదు. థూ అని గేటు దగ్గర ఉమ్మేసి వీధిలోకి నడిచాడు. వెనక నుంచి వెంకటేశ్వరి పరుగెత్తుకొచ్చి అతని చొక్కా పట్టుకుంది.

“ఇడ్సుమే! నీది బానిస బుద్ధి. ఈ ముసలోడు నీ పాస్‌పోర్టు మింగినాడని మీ అమ్మకు చెప్పుకుంటా, పో!”

“ఆయన్ను ఇంకొక్క మాటన్నావంటే నీకూ నాకూ మాటల్లేవు!” ఆమె కళ్లల్లో నీళ్లు, గొంతులో నిప్పులు. “ఎవరికీ చెప్పొద్దని ఆయనతో ఒట్టు పెట్టిచ్చుకున్నదాన్ని నేను.”

“ఏం చెప్పొద్దని?”

వెంకటేశ్వరి వీధికి రెండు వైపులా చూసి గొంతు తగ్గించింది.

“నా పాస్‌పోర్టు మీద హుస్నమ్మను బస్సెక్కించింది నేనేన్నా.”