ప్రోబస్ బోర్డు మీద బామ్మ ఫొటో

సెర్బియాలోని మా మిత్రోవిత్సాలో మనిషి పోతే, నల్ల అంచు కాగితం మీద ఫొటో వేసి ఇంటి గేటుకు అంటిస్తాం. మా దరింకా బామ్మకు గేటు లేదు. ఇల్లు కూల్చి, అడుగునున్న రోమన్ రాజభవనాన్ని బయటికి తీశారు. గేటు ఉన్నచోట, ఈ ఊళ్ళోనే పుట్టిన ప్రోబస్ చక్రవర్తి బొమ్మతో బోర్డు పెట్టారు. నేను దానికే జిగురు పూశాను.

"ఒరేయ్! చక్రవర్తి మొహానికి జిగురేంట్రా?" కాపలా కాసే రాదివోయె బాబాయ్ పరుగెత్తుకొచ్చాడు.

"నలభై ఏళ్ళు బామ్మ నిలబడి కబుర్లు చెప్పిన చోటు బాబాయ్ ఇది! ఇల్లు కూల్చాక ఇచ్చిన ఆ కొత్త ఫ్లాట్‌లో ఆవిడెవరో పక్కవాళ్ళకే తెలీదు. అక్కడ అంటిస్తే ఎవరు ఆగి చదువుతారు?"

"మరి ఈ ఇళ్ళన్నీ తీసెయ్యాలని గడప గడపకీ తిరిగి సంతకాలు పెట్టించిందెవరు, నేనా? 'రాజభవనం ప్రజలందరిదీ' అని గొంతు చించుకున్నావుగా!"

నేను బామ్మ కాగితాన్ని బోర్డుకు అదిమి అంటించాను.

ఆ అర్జీలో మొదటి సంతకం బామ్మదే. కళ్ళద్దాలు కనబడక, అందులో ఏముందో నన్నే చదివి వినిపించమంది. నేను వినిపించలేదు.

"పోనీలే, నువ్వు రాశావంటే మంచిదే అయ్యుంటుంది," అని పెట్టేసింది.