బురద కింద

"సార్, గిది చూడుండ్రి."

ఫ్యాక్టరీలో నీళ్లతో చల్లార్చే కూలర్ నుంచి కోసి తెచ్చిన గొట్టం ముక్కను ఫిట్టర్ జంపయ్య బల్ల మీద పెట్టాడు. అడుగున పేరుకున్న గోదావరి బురదను పుల్లతో గీకాడు. దాని కింద కందిగింజంత చిల్లు.

కెమిస్టు వెంకటప్పయ్య నమ్మలేకపోయాడు. నీళ్లు ఇనుమును తింటున్నాయేమో తెలుసుకోవడానికి ఆయన వేలాడదీసిన ఇనుప బిళ్ల మూడేళ్లుగా నెలనెలా తళతళలాడుతూనే వచ్చింది. "బాగుంది" అని సంతకం పెట్టింది ఆయనే.

"బిళ్ల ఏడ గట్టిన్రు సార్?"

"పై గొట్టంలో. నీళ్లు జోరుగా పారేచోట."

"గాడ బురద నిలువది గద సార్. కింద గొట్టాలల్ల నీళ్లు మెల్లగ పోతయ్. బురద ఆడ కూసుంటది. దాని కిందనే తింటది. పైకేం కనవడది."

వెంకటప్పయ్య రిపోర్టు తీసి, "అడుగు గొట్టాలు చూడలేదు. తప్పు నాది" అని రాసి సంతకం పెట్టాడు.

జంపయ్య గుమ్మం దగ్గర ఆగాడు. "ఇయ్యాల శనివారం గద సార్. అమ్మగారి కార్డు ఇయ్యుండ్రి, పోస్టు డబ్బల ఏస్త."

కార్డు జేబులోనే ఉంది. "ఇక్కడ అంతా క్షేమం." తమ పాప చనిపోయిన ఈ రెండేళ్లూ వారం వారం ఆయన రాసేది ఆ ఒక్క మాటే. మధిరలోని పుట్టింటి నుంచి భార్య సుశీల రాసేదీ అదే.

"ఖమ్మం బస్సు ఎన్నింటికి జంపయ్యా?"

"మూడింటికి సార్. మరి కార్డు?"

"ఈసారి కార్డు వద్దు. నేనే మధిర వెళ్తాను."